ముందుగదికి మనిషి

మార్చి 6

వదినా,

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ పాత ఇల్లు కొని చూడమని ఎవరూ అనలేదు. అని ఉంటే ముందే జాగ్రత్తపడేదాన్ని. కొనేశాం. నిన్ననే తాళాలు చేతికొచ్చాయి. కట్టుడు పళ్ళ సెట్లు చేసుకునే దీని మొహానికి సొంతిల్లా అని నవ్వకు. నాకే నమ్మకం కుదరక, పొద్దున్న ల్యాబ్‌కి వెళ్తూ దారి మార్చి మరీ ఒకసారి చూసుకుని వెళ్ళాను.

పాతపేటలో రాళ్ళు పరిచిన సన్నటి వీధి. ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఒకటి తీసేస్తే పక్కది పడిపోతుందేమో అనిపిస్తుంది. ఈ ఊళ్ళో ఇంకెక్కడా మా ఇద్దరి జీతాలకి గుమ్మం కూడా రాదు. ఇక్కడ మాత్రం చవక. ఎందుకంటే ఈ వీధికో సంఘం ఉంది, ఆ సంఘానికో పట్టింపు ఉంది. ఇది తరతరాలుగా చేతిపనివాళ్ళ వీధి. ప్రతి ఇంటికీ కింద ముందుగది పనిగదిగానే ఉండాలి. పగలు చెక్క తలుపులు తెరిచి ఉంచాలి, లోపల ఎవరో ఒకరు పని చేస్తూ కనబడాలి. ఆర్నెల్లలోగా పని మొదలవ్వకపోతే మనం పెట్టింది మన చేతిలో పెట్టి ఇల్లు వెనక్కి తీసేసుకుంటారు. డబ్బున్నవాళ్ళకి ఇది గిట్టదు. కారు పెట్టుకోవడానికి పనికిరాని ముందుగది వాళ్ళకెందుకు?

మాకు అమ్మినాయన గడియారాలు బాగుచేసేవాడు. చేతులు వణుకుతున్నాయని పని మానేసి వీధి చివర కూతురింట్లో ఉంటున్నాడు. ఎక్కువ ఇస్తామన్నవాళ్ళని కాదని మాకిచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు.

ఒక సంగతి. లైబ్రరీ వాళ్ళు పని తగ్గించారని రాశావుగా. నీ బైండింగ్ ప్రెస్ నాకు పంపగలవా? ముందుగదిలో కిటికీ పక్కన దానికి సరిపోయే చోటుంది. మధ్యాహ్నం దాకా మంచి వెలుతురు. అక్కడ అది ఉంటే ఎంత నిండుగా ఉంటుందో.

మోకాళ్ళకి ఆ నూనె రాస్తున్నావా?

నీ పళ్ళమ్మ


మార్చి 15

మా పళ్ళమ్మకి వదిన రాసేది.

ఊరందరి నోళ్ళలో పళ్ళు పెట్టి, ఆఖరికి నీ తలమీద ఓ కప్పు పెట్టుకున్నావు. సంతోషం. మీ అన్నయ్యే ఉంటే ఈపాటికి వీధంతా తిరిగి చెప్పేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది కాబట్టి ఆ పని నేనే చేశాను. ఇంటివాళ్ళావిడ "మీకేమిటండీ అంత హుషారు" అంది. నా ఆడపడుచు ఇల్లు కొంటే నాకు కాక ఆవిడకుంటుందా హుషారు?

నీ ఉత్తరం చదివి, మడిచి పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ప్రెస్ అడిగావు. మీ ఇంట్లో ఎవరికీ ఏదీ తిన్నగా అడిగే అలవాటు లేదు. మీ అన్నయ్యకి టీ కావాలంటే "స్టవ్ బాగానే వెలుగుతోందా" అని వంటగది గుమ్మంలో నిలబడేవాడు. నువ్వు ఆయన చెల్లెలివే కదా. అర్థమైందిలే. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, అర్ధమొగుడు అడిగితే కాదంటానా?

కానీ ప్రెస్ ఒక్కటీ వస్తే ఏం లాభం? పుస్తకాలు కుట్టే చట్రం, అట్టలు కోసే కత్తి, జిగురు గిన్నె, దబ్బనాలు, గుడ్డ చుట్టలు, అన్నీ కదలాలి. కిటికీ కుడివైపా, ఎడమవైపా రాయి. వెలుతురు ఎడమనుంచి పడితే కుట్టేటప్పుడు చేతినీడ అడ్డం రాదు. ఇక్కడ చక్కబెట్టుకోవలసినవి ఉన్నాయి, కొంచెం ఓపిక పట్టు.

మరి మీ ఆయన, అన్నయ్యగారికి ఇష్టమేనా? ఆయన్ని ఒక మాట అడిగావా?

మోకాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

నీ వదిన


మార్చి 24

వదినా,

కిటికీ ఎడమవైపే. మా ఆయన్ని అడగడమేమిటి, నాకన్నా ఆయనకే తొందర. రోజూ ఆఫీసు నుంచి రాగానే "మీ వదిన ఏం రాసింది" అంటున్నారు. అన్నీ పంపు వదినా, దబ్బనాలతో సహా. ఎన్ని ఉంటే అంత బాగుంటుంది.

సామానంతా చేర్చాం. మేడమీద రెండు గదులు. మెట్లు ఎంత ఇరుకంటే, మంచాన్ని ఊడదీసి ముక్కలుగా ఎక్కించాం, తీరా బిగించాక ఒక కాలు మిగిలిపోయింది. ఆ కాలు ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు, మంచం మాత్రం నిలబడే ఉంది. మొన్న వాన పడితే పైకప్పు కారింది. మా ఆయన బకెట్ పట్టుకుని గదంతా తిరిగారు. ఆయన ఎక్కడ నిలబడితే చుక్క ఇంకోచోట పడింది.

ముందుగది వెనకాల చిన్న గది ఒకటుంది. గడియారాలాయన మధ్యాహ్నాలు అందులో కునుకు తీసేవాడట. పెరటివైపు ఓ కిటికీ. మా ఆయన పుస్తకాలు పెట్టుకుంటానన్నారు. వద్దు, అలా ఉండనీండి అన్నాను.

ఆ పెద్దాయన రోజూ పొద్దున్నే ముందుగదిలోకి తొంగి చూసి పోతాడు. "పని ఇంకా మొదలవ్వలేదా అమ్మా" అంటాడు. తొందరగా పంపు.

నీ పళ్ళమ్మ


ఏప్రిల్ 9

మా పళ్ళమ్మకి,

అంతా అయిపోయింది. గది ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకి చెప్పేశాను. మరుసటి రోజే కొత్తవాళ్ళు వచ్చి గోడలు కొలుచుకుని పోయారు. లైబ్రరీకి వెళ్ళి మిగిలిన పనికూడా ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను వదిలించుకుంటున్నారు కదా, నేనే వాళ్ళని వదిలించుకున్నానని చెప్పడానికి భలే సరదా వేసింది. పెద్ద గిన్నెలు పక్కింటమ్మాయికిచ్చాను. అల్మారా కాగితాల కొట్టాయన తీసుకున్నాడు.

ఇంత వయసొచ్చాక ఒకరి ఇంటికెళ్ళి ఉండటమేమిటని మొదట సిగ్గేసిన మాట నిజం. నువ్వే గనక "ఒంటరిగా ఎందుకు, వచ్చెయ్యి" అని జాలిపడి పిలిచి ఉంటే కచ్చితంగా రానని రాసేదాన్ని. పనికి పిలిచావు చూడు, అది బాగుంది. నా కూడు నేను సంపాదించుకుంటూ నీ గుమ్మంలో కూర్చుంటాను, నువ్వు ల్యాబ్ నుంచి వచ్చేసరికి టీ పెడతాను. ఆ వెనకగది నాకోసం అట్టిపెట్టావని చదివినప్పుడు కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. ఒక మంచం పడితే చాలు. కాలు మిగలని మంచమైతే మరీ మంచిది.

లారీలో ప్రెస్‌ని ఇరవయ్యో తారీకున ఎక్కిస్తున్నారు. నేను ఆ వెనకే బస్సులో వస్తాను.

ఈ వీధిలో అందరికీ చెప్పాను. నా ఆడపడుచు పిలిచిందని.

నీ వదిన


ఏప్రిల్ 15

వదినా,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. కానీ నువ్వు ఇంత తొందరగా బయల్దేరతావనుకోలేదు.

చెప్పాను కదా, కప్పు కారుతోంది. వెనకగదిలో గోడంతా చెమ్మ, నీ మోకాళ్ళకి అస్సలు పడదు. పైగా మా ఆయన పిన్నికొడుకు పరీక్షలకని కొన్నాళ్ళు మాతో ఉంటానంటున్నాడు, ఉన్న ఆ ఒక్క గదీ వాడికే ఇవ్వాల్సి రావచ్చు. వానాకాలం వెళ్ళాక మేస్త్రీని పిలిచి అంతా బాగుచేయించి, అప్పుడు నిదానంగా మాట్లాడుకుందాం. ప్రెస్ మాత్రం అనుకున్నట్టే పంపెయ్యి, అది ఆగక్కర్లేదు.

గది అప్పుడే వదలకు. ఇంటివాళ్ళని ఇంకొన్నాళ్ళు అడిగి చూడు.

ఏమీ అనుకోవుగా.

నీ పళ్ళమ్మ


ఏప్రిల్ 23

ఆడపడుచు గారికి,

ఉత్తరం అందింది. అనుకోవడానికేముంది? నేనూ తమాషాకే రాశాను. ఇంత పని వదిలేసి నేనెక్కడికి కదులుతాను? ఇంటివాళ్ళు ఉండమన్నారు, ఉన్నాను. నా గురించి బెంగపెట్టుకోవద్దు.

మీ ఉత్తరం వచ్చేసరికే లారీ వెళ్ళిపోయింది. ప్రెస్‌ని నేల మట్టంగా ఉన్నచోట పెట్టించండి. ఒక కాలి కింద చెక్క వెయ్యాలి, ఆ చెక్క గోనెసంచిలో ఉంది. ప్రెస్ బిగించే మరకి కొంచెం నూనె చాలు, ఎక్కువైతే కాగితానికి అంటుతుంది. దబ్బనాలు తడి తగలనివ్వవద్దు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి. ఆ పరీక్షల అబ్బాయికి మంచి మార్కులు రావాలి.

ఉంటాను.


మే 18

వదినా,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. ఆ ఉత్తరం నా చేతిసంచీలోనే ఉంది. ల్యాబ్‌లో మైనపు అచ్చు పోస్తూ పోస్తూ గుర్తొచ్చి, ఒక పెద్దమనిషి పై వరస పళ్ళు పాడుచేశాను.

పరీక్షలబ్బాయి ఎవరూ లేరు. మా ఆయనకి పిన్నికొడుకే లేడు. వెనకగదిలో చెమ్మా లేదు.

జరిగింది చెప్తాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు గడియారాలాయన ఒక్కటే అడిగాడు, "ముందుగదిలో ఎవరు కూర్చుంటారు?" అని. మాకు ముందు ఇద్దరొచ్చారు, ఇద్దరూ ఎవర్నో ఒకర్ని పెడతామన్నారట. ఆయనకది నచ్చలేదు. నేను వెంటనే "మా వదిన" అన్నాను. అనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. నువ్వు కాగితాలు మోకాలి మీద పెట్టుకుని ఎలా సవరిస్తావో, దారానికి మైనం ఎలా రాస్తావో, మా అన్నయ్య చిన్నప్పటి పుస్తకానికి కొత్త అట్ట వేసి నాకెలా ఇచ్చావో, అన్నీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఆవిడ వస్తుందంటే ఇల్లు మీదే" అన్నాడు. వస్తుంది అన్నాను.

నిన్ను అడగలేదు. అడగాలని కూడా అనుకోలేదు, అదీ అసలు సంగతి. ప్రెస్ కిటికీలో కనబడితే చాలు, పగలు తలుపు తీసి నాలుగు అట్టలు బల్లమీద పరిస్తే సంఘంవాళ్ళు చూసి ఊరుకుంటారు అనుకున్నాం మా ఆయనా నేనూ. నీ ప్రెస్ కావలసి వచ్చింది, నువ్వు కాదు. ఇది రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ప్రెస్ వచ్చిన రోజు గడియారాలాయన కూతురి చేయి పట్టుకుని వచ్చాడు. "ఆవిడేరి?" అన్నాడు. ఒంట్లో బాగాలేదన్నాను. మర్నాడు తను జీవితమంతా కూర్చుని పనిచేసిన కుర్చీ మోయించుకొచ్చి ప్రెస్ ముందు పెట్టించాడు. "వీపుకి ఆనిక ఉంటుంది, ఆవిడకి పనికొస్తుంది" అన్నాడు. నీకు ఒంట్లో బాగాలేదని వీధంతా పాకిపోయింది. రొట్టెల కొట్టావిడ వేడినీళ్ళ సంచీ పంపింది. ఎదురింటి పిల్ల చిరిగిన కథలపుస్తకం ఇచ్చి, "అమ్మమ్మ రాగానే మొదట నాదే కుట్టాలి" అంది. అలా బల్ల మీద పుస్తకాలు పేరుకుపోయాయి. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు "మీ వదినకెలా ఉంది" అంటారు. "కొంచెం నయం" అంటాను. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను వదినా. ఈ వీధిలో అందరూ మంచివాళ్ళు కావడం వల్ల ఇంకా కష్టంగా ఉంది.

నువ్వు ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నేను నీ పెళ్ళినాటికి జడవేసుకోవడం రాని పిల్లని.

ఈసారి తిన్నగా అడుగుతున్నాను. రా. వెనకగది నీదే.

పళ్ళమ్మ


మే 29

పళ్ళమ్మా,

ఉత్తరం చదివాను. ముందు నా అబద్ధం చెప్తాను, తర్వాత నీదాని సంగతి చూద్దాం. ఇంటివాళ్ళు ఉండమనలేదు. కొత్తవాళ్ళు దిగిపోయారు. నేను కాగితాల కొట్టాయన గోడౌన్‌లో ఉంటున్నాను, కాగితం బేళ్ళ మధ్య. ఆయన మంచివాడు, తాళంచెవి కూడా ఇచ్చాడు. పగలు వీధిలోకి వెళ్ళడం మానేశాను. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ "ఇంకా వెళ్ళలేదా, మీ ఆడపడుచు పిలిచిందన్నారు కదా" అంటారు. పిలవని పేరంటానికి పట్టుచీర కట్టుకుని బయల్దేరినదాన్ని నేను. ఆ మొహం ఎవరికి చూపించను?

నువ్వు అబద్ధమాడావని కోపం కాదు. నువ్వు నా పనిని అంత బాగా చెప్పావట, కళ్ళు మూసుకుని విన్నాడట. ఆ మాటలు ఒక్కటైనా ఎప్పుడైనా నాకు చెప్పావా? ఎవరో ముక్కూ మొహం తెలియనాయనకి చెప్పి ఇల్లు కొనుక్కున్నావు.

ఇప్పుడు రమ్మంటున్నావు. గడువు నడుస్తోంది, బల్ల మీద పుస్తకాలు పేరుకున్నాయి, రమ్మంటున్నావు. నువ్వు పిలుస్తున్నది ఇంటి కోసమా, నా కోసమా? నేనెలా తెలుసుకోను? నువ్వైనా తెలుసుకోగలవా?

నేను రాను. ఊరికే బతిమాలకు.

వదిన


జూన్ 20

వదినా,

నీ ప్రశ్న మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన ఉత్తరం తీసుకుని మళ్ళీ తనే చదివారు. తర్వాత "మీ వదిన అడిగినదాంట్లో తప్పేముంది" అన్నారు.

గడియారాలాయన దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మధ్యాహ్నం కూతురొచ్చి కుర్చీ తీసుకెళ్ళిపోయింది. వదినా, ఆ అమ్మాయి ఆ కుర్చీని వీధి పొడుగునా ఈడ్చుకుంటూ వెళ్తుంటే అన్ని ముందుగదుల్లోనూ పని ఆగింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. నా ముప్పయ్యేళ్ళ కాపురంలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

సంఘంవాళ్ళు మర్యాదస్తులు, ఇంకా గడువుంది కదా అన్నారు. కానీ గడువున్నంతకాలం నేను నిన్ను ఎన్నిసార్లు పిలిచినా అది ఇంటి కోసమే అవుతుంది. నాకు వేరే దారి తోచలేదు. తాళాలు ఇచ్చేశాం. మాది మాకిచ్చారు. ఒక కుండలు చేసే అతను, అతని భార్య వస్తున్నారట. పుస్తకాలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చాను. ఎదురింటి పిల్ల మాత్రం తీసుకోలేదు, నీకే ఇమ్మంది. నా దగ్గరుంది.

మళ్ళీ అద్దె ఇంటికొచ్చాం. బస్టాండు వెనకాల, మూడో అంతస్తు. వీధి ఎలాంటిదంటే ఎవరి ముఖం ఎవరూ చూడరు. ప్రెస్ పైకెక్కలేదు, కింద మెట్ల పక్కన గుడ్డకప్పి ఉంచాం. వెలుతురు లేదు, పెరడు లేదు. నీకు పనేమీ దొరకకపోవచ్చు.

నిన్ను పిలవడానికి ఇప్పుడు నాకు ఒక్క అవసరం కూడా లేదు. రా.

పళ్ళమ్మ


జూన్ 28

పిచ్చిదానా,

ఎంత పని చేశావు.

ఊరికే బతిమాలకు అంటే ఏమిటే అర్థం? ఇంకోసారి బతిమాలమని కాదా? మీ ఇంట్లోవాళ్ళు అడగకుండా అడిగేవన్నీ ఇన్నేళ్ళూ కనిపెడుతూ వచ్చాను. నేనొక్కసారి అలిగితే నీకు అర్థం కాలేదా? ఆ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి, సంచీ సర్దుకుని కూర్చున్నాను. నాలుగు మాటలన్నాను, కడుపులో మంట చల్లారింది. నువ్వు ఇంకొక్క ముక్క రాస్తే బస్సెక్కేద్దామని రోజూ గోడౌన్ గుమ్మంలో పోస్టుమాన్ కోసం చూశాను. కొట్టాయన "ఇంక వెళ్ళరా ఏంటి" అంటే, "పిలవనీండి, పిలిపించుకుని వెళ్తాను" అని బింకంగా చెప్పాను కూడా. వచ్చి ఆ ముందుగదిలో కూర్చునేదాన్ని. నిన్ను ఇంకో నెల్లాళ్ళు సాధించేదాన్ని, కానీ కూర్చునేదాన్ని. ఆ పెద్దాయన కుర్చీలో.

ఇంటి కోసమా నా కోసమా అని అడగడం తేలిక. ఇంటి కోసం పిలిచినా రావచ్చు కదా. నీ ఇల్లు నిలబెట్టడానికి వచ్చి ఉంటే నాదేం పోయేది? మీ అన్నయ్య ఉంటే ఈ పాటికి నన్ను చెవి పట్టుకుని బస్సెక్కించేవాడు.

నువ్వు రాయలేదు, ఇల్లిచ్చేశావు. నా అలకకి నీ ఇల్లు పోయింది. ఇన్నాళ్ళూ పిలవకుండా బయల్దేరినదాన్నని సిగ్గుపడ్డాను. ఇప్పుడు పిలిచినా కదలడానికి కాళ్ళు రావడం లేదు. అన్నయ్యగారికి ఎలా మొహం చూపించను? ఆయన తలుపు తీసి "రామ్మా" అంటే ఏమని లోపలికి అడుగుపెట్టను?

నీ ఉత్తరం చివర రమ్మన్నావు, అది కనబడుతూనే ఉంది. అయినా చాలడం లేదు నాకు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఇంకొక్కసారి పిలు.

నీ వదిన